ఎక్సెల్ లెక్కలు ట్యాలీలోకి ఎక్కించడం: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కిరాణా హోల్‌సేల్ చేసేవాళ్లు, గాజువాక ఆటోనగర్‌లో చిన్న యూనిట్లు నడిపేవాళ్లు, ద్వారకానగర్‌లో ట్యాలీ కోర్సు చేసి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు అందరూ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కోర్సులో వోచర్ ఎంట్రీ (ఒక్కో లావాదేవీని టైప్ చేసి నమోదు చేయడం) నేర్పుతారు. ఓనర్ గారు ఏడాది ఎక్సెల్ ఫైలు చేతిలో పెట్టి "సాయంత్రానికి ఎక్కించేయ్" అంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇక్కడ ఎక్కువమంది వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ట్యాలీప్రైమ్ కాబట్టి జవాబులు దాని చుట్టూనే రాశాను. షీటు సిద్ధం చేసే పని మాత్రం జోహో బుక్స్‌కైనా, మరే సాఫ్ట్‌వేర్‌కైనా ఒకటే. పేజీ అంతా వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

లెక్కలన్నీ ఎక్సెల్‌లోనే ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి టైప్ చేయాలా?

అక్కర్లేదు. కస్టమర్ల పేర్లు, సరుకుల జాబితా, ఓపెనింగ్ బ్యాలెన్సులు (మొదలుపెట్టే రోజుకు ఉన్న నిల్వలు, బాకీలు), అమ్మకాలు, కొనుగోళ్లు, రసీదులు, చెల్లింపులు అన్నీ ఇంపోర్ట్ చేయవచ్చు. కానీ ఇంపోర్ట్ బటన్ నొక్కడం ఇందులో చాలా చిన్న పని. సమయమంతా షీటు శుభ్రం చేయడానికే పోతుంది, అక్కడ తొందరపడితే తర్వాత రెండింతలు కూర్చోవాలి. ఓనర్ గారికి గడువు చెప్పేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పండి. నెలకు పాతిక బిల్లులే ఉన్న చిన్న షాపైతే నేరుగా టైప్ చేసుకోవడమే హాయి.

మా ట్యాలీలో ఎక్సెల్ ఫైలు తీసుకునే ఆప్షనే కనిపించడం లేదు. ఎందుకు?

మీది పాత వెర్షన్ అయి ఉంటుంది. ఎక్సెల్ ఫైలును నేరుగా తీసుకునే సౌకర్యం ట్యాలీప్రైమ్ 4.0 రిలీజ్‌తో వచ్చింది. అంతకుముందు వెర్షన్లలో ఎక్సెల్‌ను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా మార్చి ఎక్కించాలి, లేదా విడిగా దొరికే యాడ్ఆన్ కొనుక్కోవాలి. ఆ యాడ్ఆన్‌కు డబ్బు పెట్టేముందు మీ లైసెన్సు మీద కొత్త రిలీజ్‌కు అప్‌డేట్ అయ్యే వీలుందేమో చూసుకోండి. కొత్త వెర్షన్‌లో ఆల్ట్, ఓ కలిపి నొక్కితే ఇంపోర్ట్ మెనూ వస్తుంది. మాస్టర్స్ (ఖాతాల పేర్లు, సరుకుల జాబితా), ట్రాన్సాక్షన్స్ (బిల్లులు, చెల్లింపులు) అని విడివిడిగా ఉంటాయి.

ఇప్పుడు ఏడాది మధ్యలో ఉన్నాం. ఏ తేదీ నుంచి ఎక్కించాలి?

వీలైతే ఏప్రిల్ 1 నుంచే. మార్చి 31 నాటి బ్యాలెన్సులను ఓపెనింగ్‌గా పెట్టి, ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా బిల్లులన్నీ ఎక్కిస్తే ఏడాది చివర ఆడిటర్ గారికి ఒకే చోట పూర్తి లెక్క దొరుకుతుంది. మధ్యలోంచి మొదలుపెడితే సగం ఏడాది ఎక్సెల్‌లో, సగం ట్యాలీలో ఉండిపోతాయి. అప్పుడు లాభనష్టాలు, జీఎస్టీ వార్షిక లెక్క రెండూ చేత్తో కలుపుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకు? పాత ఏళ్ల బిల్లులు మాత్రం ఎక్కించకండి. వాటి నుంచి ఇంకా రావలసిన, ఇవ్వవలసిన బాకీలు ఓపెనింగ్‌లో ఉంటే చాలు.

నేర్చుకోవడానికి ఎడ్యుకేషనల్ మోడ్‌లో ప్రయత్నిస్తే సగం బిల్లులు ఎక్కడం లేదు. షీటులో తప్పుందా?

షీటు బాగానే ఉండొచ్చు. లైసెన్సు లేని ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీలకు మాత్రమే ఎంట్రీలు వేయనిస్తుంది. ప్రాక్టీసు కోసం మీ షీటు కాపీ ఒకటి తీసి, అందులో తేదీలన్నీ ఏప్రిల్ 1గానో 2గానో మార్చి ఎక్కించండి. అసలు ఫైలు ముట్టుకోవద్దు.

బ్యాకప్ తీయడం అంత అవసరమా?

అవసరమే. ఇంపోర్ట్‌కు ముందు, ప్రతిసారీ. ఆల్ట్, వై నొక్కితే డేటా మెనూలో బ్యాకప్ ఉంటుంది. తప్పుగా ఎక్కిన ఎనిమిది వందల బిల్లులను వెతికి తీసేయడం కన్నా ముందటి బ్యాకప్‌ను రీస్టోర్ చేయడం తేలిక. బ్యాకప్ కాపీ అదే కంప్యూటర్‌లో ఉంచకుండా పెన్‌డ్రైవ్‌లోనో, వేరే చోటో పెట్టండి.

## షీటు శుభ్రం చేసేటప్పుడు

షీటు ఎలా ఉండాలి? మాది చూడటానికి చక్కగానే ఉంది కదా!

మన కంటికి చక్కగా కనిపించేది సాఫ్ట్‌వేర్‌కు అర్థం కాకపోవచ్చు. పైన షాపు పేరు, మధ్యలో కలిపేసిన గళ్లు, ప్రతి పేజీ కింద టోటల్, రంగుతోనే చెప్పిన సమాచారం, ఇవేవీ పనికిరావు. పసుపు రంగు గళ్లంటే "డబ్బు రాలేదు" అని మీకు తెలుసు, ట్యాలీకి తెలియదు. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి వివరాలు, మధ్యలో ఖాళీ వరుసలు లేకుండా ఉండాలి. ఫార్ములాలున్న గళ్లను కాపీ చేసి, పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించండి. దాచిన వరుసలు, ఫిల్టర్లు తీసేశాకే సేవ్ చేయండి. ట్యాలీ ఇచ్చే నమూనా ఎక్సెల్ ఫైలు ముందే తెచ్చుకుని, మీ కాలమ్స్‌ను దాని ప్రకారం సర్దుకుంటే మ్యాపింగ్ (ఏ కాలమ్ ట్యాలీలో దేనికి వెళ్లాలో చెప్పడం) దగ్గర తడబడరు.

ఏప్రిల్ బిల్లులే ఎక్కిస్తే మే, జూన్, డిసెంబరు తేదీలు చూపిస్తోంది. ఇదేంటి?

కొత్తవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది ఇదే. మనం తేదీ, నెల, సంవత్సరం అని రాస్తాం. కంప్యూటర్ అమెరికా సెట్టింగులో ఉంటే ఎక్సెల్ నెల, తేదీ, సంవత్సరం అని చదువుతుంది. మీరు 05/04/2025 అని కొడితే అది మే 4 అయిపోతుంది. 25/04/2025 అని కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాల్లా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు తిరగబడి, కొన్ని తేదీలే కాకుండా ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అందుకే దొరకదు.

గుర్తుపట్టే పద్ధతి ఉంది. ఆ కాలమ్‌కు ఎడమ, కుడి అలైన్‌మెంట్ ఏదీ పెట్టకుండా చూడండి. గడిలో కుడివైపు ఒదిగినవి నిజమైన తేదీలు, ఎడమవైపు ఉన్నవి అక్షరాలు. రెండు రకాలూ కనిపిస్తే తేదీలు తిరగబడ్డాయని అనుమానించాలి. ఫిల్టర్ తెరిచి నెలలు చూడండి. ఏప్రిల్ షీటులో జనవరి నుంచి డిసెంబరు దాకా నెలలుండి, ప్రతిదాంట్లో నాలుగో తేదీయే ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

కంప్యూటర్ రీజియన్ సెట్టింగును ఇండియాకు మార్చండి. తిరగబడ్డ షీటును అక్కడక్కడా దిద్దే బదులు బిల్లింగ్ మెషీన్ నుంచో, మూల ఫైలు నుంచో మళ్లీ తెచ్చుకోవడం మేలు. అన్నీ అక్షరాలుగానే ఉన్న కాలమ్ అయితే టెక్స్ట్ టు కాలమ్స్‌లో తేదీ రకాన్ని డీఎంవైగా (తేదీ, నెల, సంవత్సరం) ఎంచుకుంటే సరిపోతుంది. నెల తప్పితే బిల్లు వేరే నెల జీఎస్టీ రిటర్న్‌లోకి పోతుంది, దాన్ని సరిచేయడం షీటు సరిచేయడమంత తేలిక కాదు.

మాకు అప్పలరాజులే ఏడుగురున్నారు. లెడ్జర్లు (ఒక్కొక్కరి ఖాతాలు) ఎలా పెట్టాలి?

మన ఉత్తరాంధ్ర షాపుల్లో ఇది నిజంగా పెద్ద చిక్కు. అప్పలరాజు, అప్పలనాయుడు, పైడిరాజు, సింహాచలం అనే పేర్లు ప్రతి పుస్తకంలోనూ అరడజను ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక పేరు ఒక్క లెడ్జర్‌కే ఉండాలి. అందరినీ "అప్పలరాజు" అనే ఎక్కిస్తే గాజువాక ఆయన బాకీ పెందుర్తి ఆయన ఖాతాలో పడుతుంది. తర్వాత ఫోన్ చేసి అడిగితే మాట పడేది మీరే. పేరు పక్కన ఊరు చేర్చండి. ఊరు కూడా ఒకటే అయితే ఇంటిపేరో, ఫోన్ నంబరు చివరి నాలుగంకెలో పెట్టండి.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది, ఒకే మనిషి రెండు మూడు స్పెల్లింగులతో ఉండటం. ఇంగ్లీషులో లక్ష్మిని ఒకరు ఎక్స్ అక్షరంతో, ఇంకొకరు అది లేకుండా రాస్తారు. శ్రీకి, వెంకటేశ్వరకు అయితే లెక్కే లేదు. పేర్ల కాలమ్‌ను వేరే షీటులోకి తీసి, డూప్లికేట్లు తొలగించి, అక్షర క్రమంలో పేర్చి ఒక్కొక్కటీ చదవండి. ఈ పని మెషీన్‌కు వదలొద్దు. షాపులో పాతికేళ్లుగా ఉన్న గుమస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఎవరు ఎవరో గంటలో తేలిపోతుంది. పేరు ముందూ వెనుకా ఉండిపోయిన ఖాళీలను ట్రిమ్ ఫార్ములాతో తీసేయండి. వెబ్‌సైట్ నుంచి కాపీ చేసిన పేర్లలో ట్రిమ్‌కు లొంగని ఖాళీ ఒకటి ఉంటుంది. దాన్ని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో పోగొట్టవచ్చు.

బిల్లు నంబరు 12/24 అని కొడితే డిసెంబరు అయిపోతోంది. అకౌంట్ నంబరు చివర సున్నాలు వస్తున్నాయి. ఎలా ఆపాలి?

టైప్ చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. తర్వాత మారిస్తే పోయింది తిరిగి రాదు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే సరిగ్గా దాచుకుంటుంది, 16వ అంకె నుంచి సున్నా చేసేస్తుంది. ముందున్న సున్నాలనూ తీసేస్తుంది. పన్నెండంకెల ఈవే బిల్లు (సరుకు రవాణాకు తీసే జీఎస్టీ పత్రం) నంబరును మధ్యలో ఇంగ్లీషు ఈ అక్షరం పెట్టి కుదించి చూపిస్తుంది. అందుకే బిల్లు నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఈవే బిల్లులు, ఫోన్ నంబర్లు అన్నీ టెక్స్ట్‌గానే ఉండాలి, వాటిని మనం కూడబోవడం లేదు కదా. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదనేది జీఎస్టీ నిబంధన. అంతకన్నా పొడవైనవి కనిపిస్తే ఆడిటర్ గారికి చెప్పండి.

డెబిట్, క్రెడిట్ ఒక్క పైసా తేడా అంటోంది. షీటులో రెండూ సమానంగానే ఉన్నాయి!

ఎక్సెల్ రెండు దశాంశాలే చూపిస్తున్నా, లోపల ఇంకా ఎక్కువ దాచుకుంటుంది. 47.25 రూపాయల సరుకు మీద 9 శాతం సీజీఎస్టీ (కేంద్రానికి వెళ్లే జీఎస్టీ) 4.2525. ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానికి వెళ్లేది) కూడా అంతే. తెర మీద 4.25, 4.25 కనిపిస్తాయి, కాబట్టి మొత్తం 55.75 రావాలి. ఎక్సెల్ లోపల ఉన్నది 55.755, చూపించేది 55.76. అదే మీ పైసా. పన్ను లెక్కించే ప్రతి గడిలో రౌండ్ ఫార్ములా పెట్టి రెండు దశాంశాలకు కుదించాక టోటల్ వేయండి. బిల్లును రూపాయికి సరిచేసే అలవాటుంటే ఆ తేడాకు రౌండ్ ఆఫ్ లెడ్జర్ విడిగా ఉండాలి.

జీఎస్టీ నంబర్లు సరైనవో కాదో ఒక్కొక్కటీ చూడాలా?

ముందు పొడవు చూడండి, 15 అక్షరాలు ఉండాలి. లెన్ ఫార్ములాతో క్షణంలో తెలుస్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, ఒడిశాకు 21, ఛత్తీస్‌గఢ్‌కు 22. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. పాన్‌లో మొదట అయిదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం వస్తాయి. సున్నా రాయాల్సిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం పడితే ఈ వరసను బట్టి పట్టుకోవచ్చు. పెద్ద పార్టీల నంబర్లు మాత్రం జీఎస్టీ పోర్టల్‌లో వెతికి చూడండి.

## లెడ్జర్లు, ఓపెనింగ్ బ్యాలెన్సులు

ముందు బిల్లులు ఎక్కించాలా, లెడ్జర్లు ఎక్కించాలా?

ముందు లెడ్జర్లు, యూనిట్లు, సరుకులు. ఆ తర్వాతే బిల్లులు. బిల్లులో ఉన్న పార్టీ పేరు సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఆ బిల్లు ఆగిపోతుంది.

ఎవరిని ఏ గ్రూపులో పెట్టాలో తెలియడం లేదు.

మనకు ఇవ్వాల్సినవాళ్లు సండ్రీ డెటార్స్, మనం ఇవ్వాల్సినవాళ్లు సండ్రీ క్రెడిటార్స్. కొనేది, అమ్మేది రెండూ ఉన్న పార్టీని ఏ వ్యాపారం ఎక్కువైతే అందులో పెట్టండి. లారీ కిరాయి, హమాలీ ఖర్చు సరుకు కొనడానికైతే డైరెక్ట్ ఎక్స్‌పెన్సెస్. షాపు అద్దె, కరెంటు బిల్లు ఇన్‌డైరెక్ట్. ఓనర్ గారు ఇంటికి తీసుకెళ్లిన డబ్బు ఖర్చు కాదు, అది డ్రాయింగ్స్, క్యాపిటల్ కిందికి వస్తుంది. తేల్చుకోలేనివి నాలుగైదు మిగిలితే జాబితా రాసి ఆడిటర్ గారిని ఒకేసారి అడగండి. తెలియనివన్నీ సస్పెన్స్‌లో (తేలనివి తాత్కాలికంగా పెట్టే ఖాతా) పడేసే అలవాటు మాత్రం వద్దు.

"డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్" అని వస్తోంది. ఏం చేయాలి?

మీరు ఎక్కించిన డెబిట్ల మొత్తం, క్రెడిట్ల మొత్తం కలవలేదని దానర్థం. మార్చి 31 ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ బ్యాలెన్సుల జాబితా) తీసి రెండు అనుమానాలు ముందు చూడండి. ఒకటి, ఏదో ఒక ఖాతా పూర్తిగా మిస్ అయింది. అప్పుడు తేడా ఆ ఖాతా మొత్తానికి సమానంగా ఉంటుంది. రెండు, డెబిట్ ఖాతా క్రెడిట్‌గా ఎక్కింది. అప్పుడు తేడా ఆ మొత్తానికి రెట్టింపు వస్తుంది, కాబట్టి తేడాలో సగం ఏ ఖాతాలో ఉందో వెతకండి. మైనస్ గుర్తును నమ్ముకునే బదులు షీటులో డెబిట్, క్రెడిట్ అని విడి కాలమ్ పెట్టుకుంటే రెండో తప్పు దాదాపు రాదు. మార్చి 31న ఉన్న సరుకు విలువను కూడా మరచిపోకండి. చాలామంది వదిలేసేది అదే.

పార్టీ బాకీని మొత్తంగా ఒకే అంకెగా ఎక్కిస్తే చాలదా?

ట్రయల్ బ్యాలెన్స్‌కు చాలు, వసూలుకు చాలదు. 84,000 బాకీ అని మాత్రమే ఉంటే అది ఏ బిల్లులదో, ఎన్నాళ్లదో తెలియదు. పెండింగ్ బిల్లులను తేదీ, నంబరుతో బిల్‌వైజ్‌గా ఎక్కించండి. రేపు కస్టమర్ ఎదురుగా కూర్చుని "ఏ బిల్లమ్మా అది?" అంటే జవాబు చెప్పగలగాలి.

## బిల్లులు ఎక్కించేటప్పుడు

ఒకే బిల్లులో నాలుగు సరుకులున్నాయి. షీటులో ఎలా రాయాలి?

ఒక్కో సరుకుకు ఒక్కో వరుస. సాఫ్ట్‌వేర్‌ను బట్టి బిల్లు నంబరు ప్రతి వరుసలోనూ రాయాలా, మొదటి వరుసలోనేనా అన్నది మారుతుంది. నమూనా ఫైలు ఎలా ఉంటే అలాగే రాయండి. ఆ నాలుగు వరుసలూ పక్కపక్కనే ఉండాలి. సరుకు పేరును బట్టి సార్ట్ చేస్తే బిల్లులు చెల్లాచెదురవుతాయి.

మొత్తం ఏడాది ఒకేసారి ఎక్కించేయొచ్చా?

వద్దు. ముందు అయిదారు బిల్లులు ఎంచుకోండి: ఒక నగదు అమ్మకం, ఒక అప్పు అమ్మకం, ఒడిశా పార్టీకి వెళ్లినది, డిస్కౌంట్ ఉన్నది, రిటర్న్ వచ్చినది. అవి ఎక్కించి ఒక్కో వోచర్ తెరిచి కాగితం బిల్లు పక్కన పెట్టి చూడండి. సరిగ్గా ఉంటే ఒక నెల. ఆ నెల టోటల్ కలిస్తే తర్వాతి నెల. ఇలా చేస్తే ఏదైనా తేడా వచ్చినా ఏ నెలలో వచ్చిందో తెలిసిపోతుంది.

ఎక్కించాక బిల్లు నంబర్లు మారిపోయాయి!

ఆ వోచర్ టైపులో నంబరింగ్ ఆటోమేటిక్‌గా ఉండి ఉంటుంది. కస్టమర్ చేతిలో ఒక నంబరు, మీ పుస్తకంలో ఇంకో నంబరు ఉంటే వాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్‌కు (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకోవడానికి) ఇబ్బంది. బ్యాకప్ రీస్టోర్ చేసి, నంబరింగ్‌ను మాన్యువల్‌కు మార్చి, డూప్లికేట్ నంబర్లను ఆపే ఆప్షన్ కూడా ఆన్ చేసి మళ్లీ ఎక్కించండి. ఆ ఆప్షన్ ఉంటే ఒకే ఫైలు పొరపాటున రెండుసార్లు ఎక్కే ప్రమాదం కూడా తగ్గుతుంది.

జీఎస్టీ రేట్లు మారాయి కదా, పాత బిల్లులకూ కొత్త రేటే వేయాలా?

లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా రేట్లు మారాయి. నెయ్యి 12 నుంచి 5 శాతానికి, ఒంటి సబ్బులు 18 నుంచి 5కి, సిమెంటు 28 నుంచి 18కి వచ్చాయి. ఆ తేదీకి ముందు ఇచ్చిన బిల్లులు అప్పుడున్న రేటుతోనే ఎక్కాలి. సరుకు మాస్టర్‌లో రేటును ఏ తేదీ నుంచి వర్తిస్తుందో చెప్పి రెండూ పెట్టండి. పాత రేటు చెరిపేసి కొత్తది రాస్తే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా లెక్క పాడవుతుంది.

ఎర్రర్లు వందల్లో వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టను?

కంగారు పడకండి. వందల ఎర్రర్ల వెనుక సాధారణంగా రెండు మూడు కారణాలే ఉంటాయి. ఒక లెడ్జర్ లేకపోతే ఆ పార్టీ బిల్లులన్నీ ఆగుతాయి. ఎర్రర్ల జాబితాలో మొదటిది చదివి, కారణం షీటులో సరిచేసి, బ్యాకప్ రీస్టోర్ చేసి మళ్లీ ఎక్కించండి. తప్పును ట్యాలీలో మాత్రమే దిద్ది షీటును అలాగే వదిలేయొద్దు. అదే షీటు రేపు ఇంకొకరు వాడతారు.

## ఎక్కించిన తర్వాత

అంతా సరిగ్గా ఎక్కిందని నమ్మకం ఎలా?

"ఇంపోర్ట్ సక్సెస్" అని వస్తే ఫైలు చదవగలిగిందనే అర్థం, లెక్క కరెక్టని కాదు. నెలవారీగా బిల్లుల సంఖ్య, అమ్మకాల విలువ, పన్ను మొత్తం ఎక్సెల్‌లో సమ్‌ఇఫ్‌తో తీసి ట్యాలీ సేల్స్ రిజిస్టర్ పక్కన పెట్టండి. పైసలతో సహా కలవాలి. బ్యాంకు లెడ్జర్ క్లోజింగ్‌ను స్టేట్‌మెంట్‌తో, నగదును గల్లా పుస్తకంతో చూడండి. నగదు ఏ రోజైనా మైనస్‌లోకి వెళ్లిందంటే ఏదో రసీదు ఎక్కలేదనో, తేదీ తప్పిందనో అర్థం. పెద్ద బాకీలున్న పది పార్టీలకు ఖాతా కాపీ పంపి, వాళ్ల పుస్తకంతో సరిపోయిందా అని అడగడం నాకు చాలా నచ్చిన పద్ధతి. బయటివాళ్ల పుస్తకం కన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఒడిశా జైపూర్, రాయగడ పార్టీల బిల్లులకు ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే జీఎస్టీ) బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చూపిస్తోంది.

పార్టీ లెడ్జర్‌లో రాష్ట్రం ఖాళీగా ఉందో, ఆంధ్రప్రదేశ్ అని పడిందో చూడండి. జైపూర్, రాయగడ మనకు దగ్గరే అయినా ఒడిశాలో ఉన్నాయి, నంబరు 21తో మొదలవుతుంది. రాష్ట్రం సరిచేశాక ఆ బిల్లులు తెరిచి పన్ను లైన్లు కూడా మారాయో లేదో చూసుకోవాలి. జీఎస్‌టీఆర్ 1 (అమ్మకాల రిటర్న్) రిపోర్టులో సవరించాల్సిన బిల్లులను ట్యాలీ అన్‌సర్టన్ ట్రాన్సాక్షన్స్ కింద విడిగా చూపిస్తుంది. రిటర్న్ వేసేముందు అది సున్నా కావాలి.

మాది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఇంపోర్ట్ చేసి తర్వాత దిద్దితే ఆడిట్‌లో ఇబ్బందా?

దిద్దడం తప్పు కాదు, దాచడం కుదరదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ ఉండాలి, దాన్ని ఆపే వీలుండకూడదు. అందుకే కంపెనీలు అసలు పుస్తకంలో ప్రయోగాలు చేయకుండా, ట్యాలీలోనే ప్రాక్టీసు కోసం తెరిచిన డమ్మీ కంపెనీలో సరిచూసుకున్న షీటునే తీసుకురావాలి. ప్రొప్రయిటర్ షాపులకు, మామూలు భాగస్వామ్య సంస్థలకు ఈ నిబంధన లేదు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా మార్చి ఇచ్చే సైట్లు వాడొచ్చా?

నా సలహా, వద్దు. ఆ షీటులో మీ కస్టమర్ల పేర్లు, ఫోన్లు, బాకీలు, మీ కొనుగోలు ధరలు ఉంటాయి. అది మీ ఓనర్ గారి డేటా. ఎవరి సర్వర్‌లోకి పోతుందో తెలియని చోట పెట్టే హక్కు మనకు లేదు.

పని అయిపోయింది. పాత ఎక్సెల్ ఫైళ్లు తీసేయొచ్చా?

తీసేయకండి. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాల రికార్డులను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. 2024-25కు మామూలు గడువు 2025 డిసెంబరు 31, కాబట్టి 2031 డిసెంబరు 31 దాకా. మూల ఫైలు ఒకటి, శుభ్రం చేసి ఎక్కించిన ఫైలు ఒకటి, రెండూ సంవత్సరం పేరుతో ఫోల్డర్‌లో పెట్టి రీడ్ ఓన్లీగా మార్చండి. ఏ తేదీన ఏ ఫైలు ఎక్కించారో, ఎన్ని బిల్లులో, మొత్తం ఎంతో ఒక చిన్న షీటులో రాసి అదే ఫోల్డర్‌లో ఉంచండి.